పోటీ విల్లుకు సరంజామా మార్చి జింక వేటకు తీసుకెళ్లవచ్చా?

కృష్ణలంక_బాణం:
నమస్కారం. విజయవాడలో కాంపౌండ్ విల్లు (చివర్లలో చక్రాలు, కేబుళ్లు ఉండేది) నేర్చుకున్నవాడిని. ఉద్యోగం డాలస్‌లో. సెలవులకు ఇంటికి వచ్చాను. తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడ బీరువా మీద పడి ఉన్న నా పోటీ విల్లును వెంట తీసుకెళ్దామని ఉంది. ఆఫీసు మిత్రులిద్దరు అక్టోబరులో తెల్లతోక జింక వేటకు రమ్మంటున్నారు. వారిలో ఒకరు “ఆ విల్లు అమ్మేసి వేటకు తయారుగా దొరికే విల్లు కొను” అంటారు. రెండో ఆయన మాత్రం “సరంజామా మారిస్తే చాలు” అంటారు.

విల్లు వివరాలు: పై చక్రం ఇరుసు నుంచి కింది చక్రం ఇరుసుకు 38 అంగుళాలు. లాగుడు బరువు 54 పౌండ్లు. బ్లేడు రెస్టు (బాణం ఆనే సన్నటి రేకు), భూతద్దం ఉన్న స్కోపు సైటు (గురి చూసేది), ముందు 30 అంగుళాల స్టెబిలైజరు (విల్లును కుదురుగా ఉంచే కడ్డీ), పక్కన ఇంకో కడ్డీ, హింజ్ రిలీజు (చేత్తో తిప్పితే నారిని వదిలే పరికరం). వీటిలో ఏది ఉంచాలి, ఏది మార్చాలి? అన్నీ మార్చేంత డబ్బు లేదు.

బ్రాడీపేట_కోచ్:
ఏదీ మార్చకండి. బాణం ములుకు ఒక్కటి మార్చండి, చాలు.

80 సెంటీమీటర్ల గురి బోర్డు ముఖం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. దాన్ని మీరు 50 మీటర్ల నుంచి కొడుతున్నారు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్లు, అదీ 20 గజాల దూరంలో. ఇందులో కొత్త సైటుకు పనేముంది? హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో మన జ్యోతి సురేఖ 150కి 149 కొట్టింది ఈ తరహా సరంజామాతోనే. సరంజామా మార్చిన ప్రతిసారీ లంగరు (నారి లాగి చెయ్యిని ముఖానికి ఆనించే చోటు) మారుతుంది, చూపు మారుతుంది, చెయ్యి మళ్లీ మొదటికి వస్తుంది. ఏళ్ల తరబడి కుదిరిన విల్లును రెండు నెలల ముందు కెలకడం తెలివైన పని కాదు.

పటమట_పెద్దబ్బాయి:
కోచ్ గారూ, మీ లెక్క మైదానం లెక్క. నేను టెక్సస్‌లో చాలా సీజన్లుగా వేటకు వెళ్తున్నాను కాబట్టి చెబుతున్నాను, అక్కడ గురి తప్పడానికి కారణం గురి రాకపోవడం కాదు.

మొదటిది రెస్టు. బ్లేడు రెస్టు మీద బాణం ఊరికే ఆని ఉంటుంది. మైదానంలో విల్లు నిటారుగా పట్టుకుంటారు కాబట్టి ఇబ్బంది లేదు. మంచె మీద కూర్చుని, ఒళ్లో విల్లు పెట్టుకుని, జింక కనబడగానే పక్కకు వాల్చి లేపుతారు. అప్పుడు బాణం జారి రైజరుకు (విల్లు నడిమి భాగానికి) తగిలి ‘టంగ్’మంటుంది. ఆ ఒక్క చప్పుడుకు ఉదయం నుంచి పడ్డ కాపలా గంగపాలు. బాణాన్ని చుట్టూ పట్టి ఉంచి, వదలగానే కిందికి తప్పుకునే డ్రాప్ అవే రెస్టు మొదట కొనాలి.

రెండోది పీపు, అంటే నారిలో కూర్చోబెట్టిన ఆ చిన్న రంధ్రం. టెక్సస్‌లో వేట సమయం సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. జింకలు బాగా కదిలేది ఆ రెండు చివర్లలోనే. పోటీ పీపు రంధ్రం అంగుళంలో ఎనిమిదో వంతో, అంతకన్నా చిన్నదో. మసక వెలుగులో దానిలోంచి చూస్తే జింక ఉన్నచోట నల్లటి మచ్చ తప్ప ఏమీ ఉండదు. పావు అంగుళం పీపు పెడితే నాలుగు రెట్లు వెలుగు వస్తుంది.

ఇక 30 అంగుళాల కడ్డీ. దాన్ని కృష్ణలంకలోనే వదిలేసి రండి. మంచె కొమ్మలకు, దాక్కునే గుడారం గుడ్డకు తగలడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. 8 నుంచి 10 అంగుళాలది చాలు. అసలు మొదట్లో ఏదీ లేకపోయినా నష్టం లేదు.

కృష్ణజింక:
మన రాష్ట్ర జంతువు పేరు పెట్టుకున్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని, కణితిని, కృష్ణజింకను కొడితే జైలు. విజయవాడలో పిల్లలు చేతికి విల్లు తీసుకునేది పతకం కోసం. కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ విభాగం 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చింది. ఇలాంటప్పుడు ఆ విల్లును వేటకు ఎలా మలచాలి అన్న చర్చ మనకు అవసరమా?

పటమట_పెద్దబ్బాయి:
నల్లమలకు పోదామని ఎవరూ అనలేదు. అక్కడ లైసెన్సు ఉంటుంది, సీజను ఉంటుంది. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ కూడా పూర్తి చేయాలి. కృష్ణలంక గారూ, అది మరచిపోకండి. పైగా విల్లుకు బిగించే సైటు, రెస్టు వంటి వాటి మీద తయారీదారు కట్టే 11 శాతం సమాఖ్య ఎక్సైజ్ పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అది. విల్లులను తర్వాత దాని కిందికి తెచ్చారు.

కృష్ణజింక:
పన్ను కట్టాం కాబట్టి పాపం పోయిందన్నమాట. టెక్సస్‌లో యంత్రం పెట్టి మొక్కజొన్న గింజలు చల్లి, తినడానికి వచ్చినదాన్ని కొడతారని విన్నాను. అది నిజమా, కాదా?

పటమట_పెద్దబ్బాయి:
నిజమే. ప్రైవేటు భూముల్లో అనుమతి ఉంది. నాకూ ఆ పద్ధతి పెద్దగా నచ్చదు. కానీ సరంజామా ప్రశ్నకు దానితో సంబంధం ఉంది. గింజలు పడేచోటు ఎక్కడో ముందే తెలుస్తుంది, దూరం కొలిచి పెట్టుకోవచ్చు. అక్కడ ఒక్కో దూరానికి ఒక్కో పిన్ను (గురి చుక్క) ఉండే ఐదు పిన్నుల సైటు అనవసరం.

బందరురోడ్డు_మెకానిక్:
విల్లులు బాగుచేసే పని నాది. పెద్దబ్బాయి గారు చెప్పినదాంట్లో ఒక మెలిక ఉంది. పీపు ఒక్కటీ మార్చి వదిలేస్తే కుదరదు. పీపులోంచి చూసినప్పుడు దాని అంచు, సైటు గుండ్రటి చట్రం ఒకదానిలో ఒకటి ఇమడాలి. లంగరు సరిగ్గా కుదిరిందని కంటికి తెలిసేది అలాగే. పావు అంగుళం పీపులోంచి పోటీ స్కోపును చూస్తే చట్రం చుట్టూ ఖాళీ మిగులుతుంది, గురి మధ్యలో ఉందో పక్కకు ఉందో తెలియదు. అంటే పీపు మారిస్తే సైటు మార్చక తప్పదు. భూతద్దం ఎలాగూ తీసేయాలి. తెల్లవారుజామున మంచుకు అది మసకబారితే తుడుచుకునే వ్యవధి ఉండదు.

ఇంకో సంగతి. విల్లు బీరువా మీద ఉందన్నారు. ఎన్ని వేసవులుగా? మన రోహిణి కార్తె ఎండలకు, అదీ పైకప్పు దగ్గర, నారి సాగుతుంది. నారి సాగితే పీపు తిరుగుతుంది, విల్లు చివర్ల చక్రాలు, అంటే క్యాములు, రెండూ కలిసి కదలవు. సైటు కోసం దాచిన డబ్బులో మొదటి వాటా కొత్త నారికి, కేబుళ్లకు పోవాలి. ఇది ఎవరికీ నచ్చదు, ఎందుకంటే కొత్త నారి ఫొటోలో కనిపించదు.

బ్రాడీపేట_కోచ్:
నారి విషయంలో మెకానిక్ గారితో ఏకీభవిస్తాను. మిగతాదంతా చూడండి: రెస్టు, పీపు, సైటు, స్టెబిలైజరు, నారి. ఇక పాత విల్లులో మిగిలిందేమిటి? పిడి, వంగే రెండు లింబులు. ఇంత మార్చేకన్నా వేరే విల్లు కొనడమే నయం కదా! నేను ఏదీ మార్చవద్దు అన్నది ఇందుకే. ఒకటి కదిపితే అన్నీ కదులుతాయి.

అరండల్‌పేట_అక్క:
కోచ్ గారూ, మొదట ఏదీ మార్చవద్దన్నారు, ఇప్పుడు కొత్తది కొనమంటున్నారు. ఏదో ఒకటి తేల్చండి.

నేను గుంటూరులో నేర్చుకుని ఒహాయోలో ఉంటున్నాను, ఏటా వేటకు వెళ్తాను. కృష్ణలంక తమ్ముడూ, నీ విల్లు పొడవు 38 అంగుళాలని ఎవరూ పట్టించుకోవడం లేదు. నేల మీద వేసిన గుడారంలో, చిన్న కుర్చీలో కూర్చుని పూర్తిగా లాగి చూడు. కింది క్యాము నేలకో, మోకాలికో తగులుతుందేమో ఇంట్లోనే తెలిసిపోతుంది. తగిలితే ఏ సరంజామా కొన్నా వృథా. తగలకపోతే పొడవైన విల్లు వరమే, చేతిలో కుదురుగా నిలుస్తుంది.

గుడారంలో ఇంకో మోసం ఉంది. కన్ను చూసే గీత కన్నా బాణం కొన్ని అంగుళాలు కిందుగా ఉంటుంది. సైటులోంచి చూస్తే కిటికీ ఖాళీగా, జింక స్పష్టంగా కనిపిస్తుంది. వదిలిన బాణం మాత్రం కిటికీ కింది అంచును కోసుకుంటూ పోతుంది. ఏ కంపెనీ సైటూ ఆ తప్పును ఆపలేదు. వదిలే ముందు బాణం మొనను ఒకసారి కంటితో చూసుకోవాలి.

రిలీజు సంగతి: చాలామంది మణికట్టుకు కట్టుకుని చూపుడు వేలితో నొక్కేది కొనమంటారు. నీకది వద్దు. హింజుకు అలవాటుపడ్డవాడు చూపుడు వేలి మీటను కంగారులో గుద్దేస్తాడు. అలాగని హింజు కూడా వద్దు. చలికి బిగుసుకున్న వేళ్లతో, చేతి తొడుగుతో, అదురుతున్న గుండెతో దాన్ని తిప్పడం కష్టం. బొటనవేలి బటన్ ఉన్నది తీసుకో. పట్టు హింజు పట్టులాగే ఉంటుంది కాబట్టి లంగరు పెద్దగా మారదు.

పటమట_పెద్దబ్బాయి:
అక్కయ్యగారూ, మణికట్టు పట్టీది చేతికే ఉంటుంది, చీకట్లో మంచె మీది నుంచి జారి కింద పడదు. బొటనవేలి రిలీజు జేబులో వెతుక్కునేలోపు జింక వెళ్లిపోతుంది.

అరండల్‌పేట_అక్క:
కూర్చోగానే నారి లూపుకు (నారికి కట్టిన చిన్న తాడు ఉచ్చుకు) తగిలించి వదిలేస్తే వెతుక్కోవడం ఎందుకు?

కృష్ణలంక_బాణం:
అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. చక్రం తిప్పి దూరానికి సర్దుకునే ఒకే పిన్ను సైటా, ఐదు పిన్నులదా? నా పోటీ బాణాలకే బ్రాడ్‌హెడ్‌లు (పదునైన అంచులున్న వేట ములుకులు) బిగించవచ్చా? ఆ బాణాలు దాదాపు 340 గ్రెయిన్లు (సుమారు 22 గ్రాములు) ఉంటాయి.

బందరురోడ్డు_మెకానిక్:
ముందు బాణాలు. విల్లు వరకు చూస్తే ఇబ్బంది లేదు. పౌండుకు 5 గ్రెయిన్ల కన్నా తక్కువ బరువున్న బాణం వేయకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. 54 పౌండ్లకు 270. మీవి దానికి పైనే ఉన్నాయి. కానీ వేటకు 420 గ్రెయిన్లు, అంటే దాదాపు 27 గ్రాముల బాణం మేలు. నెమ్మదిగా పోతుంది, లోతుగా దిగుతుంది, విల్లు చప్పుడు తగ్గుతుంది. బరువు, ములుకు మారితే బాణం బిగువు (ఎంత వంగుతుందన్నది) కూడా మళ్లీ చూసుకోవాలి. చిన్న ఈకలున్న పోటీ బాణానికి వెడల్పాటి బ్రాడ్‌హెడ్ బిగిస్తే గాలిలో ఆ ములుకే చుక్కాని అయి కూర్చుంటుంది. కాస్త పెద్ద ఈకలు, మెలి తిప్పి అతికించినవి కావాలి. మామూలు ములుకు, బ్రాడ్‌హెడ్ రెండూ ఒకేచోట తగిలేదాకా రెస్టు సర్దుతూ ఉండాలి.

బ్రాడీపేట_కోచ్:
నెమ్మదిగా పోవడం మేలా? జింక చప్పుడు విని తప్పుకోదా?

పటమట_పెద్దబ్బాయి:
లెక్క వేద్దాం. బాణం వేగం సెకనుకు 250 అడుగులనుకోండి. 30 గజాలంటే 90 అడుగులు, 0.36 సెకను. చప్పుడు సెకనుకు సుమారు 1,100 అడుగులు పోతుంది, 0.08 సెకనులో జింక చెవిన పడుతుంది. మిగిలింది 0.28 సెకను. పరుగు అందుకోవడానికి ముందు జింక కాళ్లు వంచి కిందికి కుంగుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. ఇప్పుడు వేగం 280కి పెంచండి, ఆ 0.28 కాస్తా 0.24 అవుతుంది. మిగిల్చింది 0.04 సెకను. అదే 20 గజాలకు దగ్గరైతే, 250 అడుగుల వేగంతోనే ఆ వ్యవధి 0.19కి లోపు. వేగం కొనుక్కోవడం కన్నా దగ్గర కూర్చోవడం చవక. ఆ మిగిలిన డబ్బుతో నారికి రబ్బరు సైలెన్సర్లు కట్టండి.

బ్రాడీపేట_కోచ్:
లెక్క ఒప్పుకుంటున్నాను. 20 గజాల్లోనే కూర్చోవాలన్నదీ ఒప్పుకుంటున్నాను. అందుకే ఒకే పిన్ను అంటాను. ఐదు పిన్నుల్లో కంగారుపడి 40 గజాల పిన్ను పట్టుకుని 20 గజాల జింక మీద వేసినవాళ్ల కథలు మీ దగ్గరే బోలెడు ఉంటాయి.

పటమట_పెద్దబ్బాయి:
ఉన్నాయి. పిన్నును 35 దగ్గర పెట్టి, తిప్పడం మరచి 20లో వేసినవాళ్ల కథలు కూడా ఉన్నాయి. నా ఓటు మూడు పిన్నులకు: 20, 30, 40. జింక అడుగు ముందుకు వేస్తే చక్రం తిప్పడానికి చెయ్యి కదపాలి, ఆ కదలికను అది చూస్తుంది.

అరండల్‌పేట_అక్క:
ఒకే పిన్ను 25 గజాలకు పెట్టి ముట్టుకోకుండా వదిలేస్తే, ఆ 250 అడుగుల వేగానికి 20లో దాదాపు రెండు అంగుళాలు పైన, 30లో మూడు అంగుళాలు కింద తగులుతుంది. 8 అంగుళాల చోటులో ఇది సరిపోతుందంటారు. చేతి వణుకు కలుపుకుంటే 30 దగ్గర సరిపోదని నా అభిప్రాయం. మొక్కజొన్న దగ్గర కూర్చుంటే కొలిచిన దూరానికే పెట్టు. దూరం కొలిచే ఎలక్ట్రానిక్ సైటు జోలికి మాత్రం పోకు. మోంటానా వంటి రాష్ట్రాలు వాటిని ఒప్పుకోవు. రేపు ఇంకో రాష్ట్రం వెళ్తే మళ్లీ కొనాలి.

బందరురోడ్డు_మెకానిక్:
ఏ సైటు కొన్నా మూడో అక్షం, అంటే సైటు చట్రం తలుపులా ముందుకో వెనక్కో తిరగకుండా ఉండటం, సరిచేయించండి. మైదానంలో దాని లోపం బయటపడదు. మంచె మీది నుంచి కిందికి వంగి వేసేటప్పుడు సైటులోని మట్టం బుడగ మధ్యలో ఉన్నట్టే చూపిస్తుంది, విల్లు మాత్రం పక్కకు ఒరిగి ఉంటుంది. బాణం ఎడమకో కుడికో పోతుంది, మీరు చేతిని నిందించుకుంటారు.

కృష్ణలంక_బాణం:
నిన్న రాత్రి పీట మీద కూర్చుని విల్లు లాగి చూశాను. కింది క్యాము నేలకు తగల్లేదు, మధ్యలో నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది. కాబట్టి విల్లు అమ్మడం లేదు. ఇక్కడే నారి, కేబుళ్లు మార్పించుకుంటాను. అక్కడికి వెళ్లాక డ్రాప్ అవే రెస్టు, పావు అంగుళం పీపు, దానికి తగిన ఒక పిన్ను సైటు, బొటనవేలి రిలీజు, 420 గ్రెయిన్ల బాణాలు అరడజను. స్టెబిలైజరు ఈ ఏటికి లేదు. పెద్దబ్బాయి గారూ, మూడు పిన్నుల మాట వచ్చే ఏడాది చూద్దాం. మెకానిక్ గారూ, శనివారం తీసుకురానా?

బందరురోడ్డు_మెకానిక్:
తీసుకురండి. పీపు, రెస్టు కూడా ఇక్కడే దొరుకుతాయేమో ముందు అడగండి. నారి ఇక్కడ ఎక్కించి, పీపు కోసం అక్కడ మళ్లీ విల్లును వంచే ప్రెస్సులో పెడితే రెండుసార్లు కూలి. అక్కడివాడు నాలాగా తక్కువ తీసుకోడు. బాణాలు కూడా వెంట తెండి, ఒక్క విల్లు తెస్తే నేను చూడగలిగింది సగమే.

కృష్ణజింక:
నా అభ్యంతరం అలాగే ఉంది. ఆ మూడో అక్షం సంగతి మాత్రం మా అబ్బాయి కోచ్‌ను అడగాలి, వాడి బాణాలూ ఈమధ్య ఎడమకే పోతున్నాయి.

బందరురోడ్డు_మెకానిక్:
మైదానంలో అయితే ముందు రెండో అక్షం (సైటు చట్రం పక్కకు ఒరగకుండా ఉండటం), ఆ తర్వాత పట్టు చూడమనండి. పిడిని బిగించి పట్టుకునే పిల్లలకు అలాగే పోతాయి.

బ్రాడీపేట_కోచ్:
కృష్ణలంక గారూ, ఆ స్కోపు అమ్మేటట్టయితే ముందు నాకు చెప్పండి.