పాత ఇళ్ల కర్ర డంప్‌యార్డుకు పోకుండా మీ కాలనీలో ఏం చేశారు?

కొత్తపేట_వాసి: మా కాలనీలో ఈ ఏడాది మూడు పాత ఇళ్లు కూల్చారు. గుమ్మాలు, వాసాలు, చెక్కలు అన్నీ మట్టితో పాటు ట్రాక్టర్‌లో పోతున్నాయి. అందరం కలిసి ఆ కర్ర దాచి, అవసరమైనవాళ్లకు ఇద్దామనుకుంటున్నాం. ఎక్కడ పెట్టాలి? మేకులు ఎవరు తీస్తారు? పంపకం ఎలా? చేసినవాళ్లు చెప్పండి.

పాత_కర్ర_వ్యాపారి: గుమ్మాలు మట్టిలో పోతున్నాయంటే నమ్మను. ఇరవై రెండేళ్లుగా నాది ఇదే పని. కూల్చే కాంట్రాక్టు మాట్లాడేటప్పుడే టేకు, ఇనుము లెక్క కట్టేసుకుంటారు. మట్టిలో పోయేది వేప వాసాలు, తుమ్మ ముక్కలు, సెంట్రింగ్ చెక్క, ప్లైవుడ్. మీరు దాచాల్సింది వాటిని. ఉలి మొన గుచ్చి చూడండి. దిగకపోతే చేవ ఉన్న కర్ర. పొడి రాలితే చెద తిన్నది, దాన్ని మిగతావాటి దగ్గరికి రానివ్వకండి.

టీచరమ్మ: మా బడికి సెంట్రింగ్ చెక్కతోనే ఆరు బెంచీలు వచ్చాయి. మూడో తరగతి పిల్లలు నేల మీద కూర్చోవడం మానారు. కానీ ఒక బెంచీలో మేకు మొన మిగిలిపోయి ఓ పాప కాలు గీరుకుంది, టీటీ ఇంజెక్షన్ వేయించాం. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అప్పటినుంచి పాడైన స్పీకర్‌లోని అయస్కాంతాన్ని తాడుకు కట్టి, ప్రతి చెక్క మీదా రెండువైపులా తిప్పుతున్నాం. అది అంటుకున్నచోట సుద్దముక్కతో గుర్తు పెడతాం.

గోదారోడు: ఇంత శ్రమ ఎందుకండీ? నెల ముందు నుంచి పోగేస్తే భోగినాడు ఒక్క పొద్దుటితో అయిపోతుంది. మా ఊళ్లో ఎప్పుడూ అంతే.

ఉప్పల్_నాన్న: దయచేసి రంగు వేసిన చెక్క మంటలో వేయకండి. పోయిన భోగికి మా వీధిలో ప్లైవుడ్ బీరువా తగలబెట్టారు. మావాడికి ఆస్తమా. రాత్రిదాకా నెబ్యులైజర్ తియ్యలేదు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న రూలు అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకుముందు రంగు వేసిన తలుపంటే నాకు భయం.

గోదారోడు: అంటే భోగి మంటే వద్దంటారా? పండగ వచ్చిందంటే చాలు, అందరికీ ఆరోగ్యం గుర్తొస్తుంది. మా తాతల నాటి నుంచి వేస్తున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఉప్పల్_నాన్న: మీ తాతగారి కాలంలో ప్లైవుడ్ బీరువాలు ఉన్నాయా? పిడకలు, ఎండు కొమ్మలు వేసుకోండి, మేమూ వచ్చి చలి కాచుకుంటాం. పండగ వద్దని నేను ఎక్కడన్నాను?

పాత_కర్ర_వ్యాపారి: ఆయన చెప్పింది నిజం. ఆ రంగు గీకేటప్పుడు కూడా పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

గోదారోడు: అమ్ముకునేవాళ్లు కాల్చొద్దనే అంటారు లెండి.

పాత_కర్ర_వ్యాపారి: బాబూ, నా షాపులో ప్లైవుడ్ ముక్క ఒక్కటి లేదు. దానిలో నాకు రూపాయి రాదు. ఇసుక కాగితం పట్టే కుర్రాళ్ల దగ్గు రోజూ వింటున్నాను కాబట్టి చెబుతున్నా.

విశాఖ_కార్పెంటర్: అందరూ ప్యాలెట్లు, అంటే సరుకు కింద పెట్టే చెక్క చట్రాలు, మర్చిపోయారు. విదేశీ సరుకుతో వచ్చే ప్యాలెట్ మీద గోధుమ కంకి ముద్ర ఉంటుంది. పక్కన హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు, కర్ర నడిమధ్యలో 56 డిగ్రీలు, కనీసం 30 నిమిషాలు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుల్ని చంపే విషవాయువు పొగ పెట్టినట్టు. అది నేను ఇంట్లోకి వాడను. నా దగ్గర నేర్చుకునేవాళ్లకు మొదటిరోజు చూపించేది ఈ ముద్రే.

బ్రైటన్_తెలుగు: ఇక్కడ ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో 1998 నుంచి ఇలాంటి సంస్థ నడుస్తోంది. బిల్డర్లే డబ్బు కట్టి చెక్క తీయించుకుంటారు. బాగున్నది జనానికి అమ్ముతారు, పనికిరానిది పొయ్యి కట్టెలుగా పోతుంది. మీరూ తీసుకెళ్లినందుకు బిల్డర్ దగ్గర ఎంతోకొంత అడగండి. ఆటో ఖర్చు మీరెందుకు పెట్టుకోవాలి?

కొత్తపేట_వాసి: ఇది బాగుంది, అడుగుతాం. స్థలం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. గుడి వెనక రేకుల షెడ్డు ఇస్తామన్నారు. కింద ఇటుకలు పేర్చి పెడితే సరిపోతుందా?

పాత_కర్ర_వ్యాపారి: ఒక్క ఇటుక ఎత్తు చాలదు, రెండు పేర్చండి. గోడకు జానెడు ఎడం ఉంచండి. వరుసకీ వరుసకీ మధ్య సన్న రీపర్లు వేయండి, గాలి ఆడాలి. వాన జల్లు ఏ వైపు నుంచి కొడుతుందో ముందు చూసుకోండి. ఆదివారం మార్కెట్ పని మీద అటే వస్తున్నాను, షెడ్డు చూసి చెబుతా.