తాటివనానికి టికెట్టు పెట్టవచ్చా?

హన్మకొండ బాటసారి:
నాసిక్ ద్రాక్షతోటల్లో వైన్ రుచి చూపించినట్టు మన తాటివనాల్లో కల్లు రుచి చూపిస్తే ఎలా ఉంటుంది? నిజామాబాద్‌లో దేవగిరి రైలు ఎక్కితే నాసిక్ ఒక రాత్రి ప్రయాణం. అక్కడ సులా అనే వైన్ కంపెనీ వాళ్లు 2005లో వైన్ రుచి చూపించే గది తెరిచారు. జనం ఎక్కువగా అక్కడికే పోతారు. నాకు నచ్చినవి మాత్రం గంగాపూర్ జలాశయం చుట్టుపక్కల ఉన్న చిన్న తోటలు. బల్ల మీద నాలుగైదు గ్లాసులు, ఒక్కో దానిలో రెండేసి గుక్కలు. మింగడం ఇష్టం లేనివారికి ఉమ్మేందుకు పాత్ర పెడతారు. పోసే మనిషి ఆ తోటలోనే పని చేస్తాడు, చెనిన్ బ్లాంక్ ద్రాక్ష ఏ వారం కోశారో, ఆ ఏడాది వాన ఏం చేసిందో చెబుతాడు. మనం డబ్బు కట్టేది ఆ రుచికీ, ఆ మాటలకీ.

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ నుంచి అక్కడికి పోయే బస్సులు జనగామ దాటాక తాటిచెట్ల పక్కనుంచే పోతాయి. దారిలోనే ఖిలాషాపూర్, అంటే సర్వాయి పాపన్న కోట. కల్లు గీత వృత్తి కులంలో పుట్టి 1708లో వరంగల్ కోట మీదికి దండెత్తిన మనిషి ఊరు అది. అక్కడ ఒక తాటివనంలో నీడ, బల్ల, శుభ్రమైన నీళ్లు, లొట్టి నుంచి నేరుగా పోసే కల్లు ఉంటే ఎవరికి నష్టం? టికెట్టు పెట్టండి, గీత కార్మికుడికి ఇవ్వండి. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

గీత ఇంటి బిడ్డ:
నేను కాదంటాను. మీరు చెప్పిన తోటలో ద్రాక్ష కోత ఏడాదికి ఒక్కసారి, జనవరి నుంచి మార్చి దాకా. తరువాత అది పీపాలోకో సీసాలోకో పోతుంది. మీరు ఆగస్టులో వెళ్లినా మార్చి కోతను రుచి చూపిస్తారు. మా నాన్న పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెట్టెక్కి గెల కొస చెక్కాలి. నాలుగు పూటలు చెక్కకపోతే ధార ఆగిపోతుంది. దించిన కల్లు అరగంటకొక రుచి మారుతుంది. ఉదయం తీపి, ఎండ ఎక్కేసరికి పులుపు, మధ్యాహ్నానికి ఘాటు. మీ బస్సు రెండు గంటలు ఆలస్యంగా వస్తే ఆ పర్యాటకుడు తాగేది వేరే పానీయం. ‘ఇదేనా కల్లు’ అని మొహం చిట్లించి పోతాడు.

ఇంకో మాట. చలికాలమంతా ఈత కల్లు, సంక్రాంతి దాటాక తాటి కల్లు. వానాకాలంలో మీ బల్ల దగ్గర ఏం పోస్తారు?

కాజీపేట జంక్షన్:
రుచి చూశాక కారు ఎవరు నడుపుతారు? వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. నాసిక్‌లో తోట పక్కనే పడుకునే గదులు కట్టారు. ఇక్కడ జనగామ బస్టాండే గతి.

ఆబ్కారీలో పనిచేసి దిగినవాణ్ణి:
బాటసారి గారు మంచి ఉద్దేశంతోనే అడిగారు. నా భయం రుచి గురించి కాదు, లెక్క గురించి. మన దగ్గర కల్లుకు రెండు రకాల అనుమతులు: గీత సహకార సంఘానికి దుకాణం, లేదా ‘ట్రీ ఫర్ ట్యాపర్స్’ పేరుతో చెట్టు గీసేవాడికే అమ్ముకునే టీఎఫ్‌టీ లైసెన్సు. రెండూ చెట్లను చూసి ఇచ్చేవే. ఒక పోతుతాడు, అంటే మగ తాటిచెట్టు, రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. ఆదివారం రెండు బస్సులు ఎక్కువ వచ్చాయని చెట్టు ఎక్కువ కార్చదు.

ఆ తేడాను నింపడానికే కల్తీ పుట్టింది. చెట్లు లేనిచోట జనం ఎక్కువైతే నీళ్లు, చక్కెర, శాకరిన్, ఆపైన క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు. 2015లో దాడులు పెరిగి ఆ మందు దొరకనప్పుడు తాగేవాళ్లు వణుకుతూ ఆసుపత్రులకు వచ్చారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. తాటివనం మధ్యలో కల్తీ ఎందుకు జరుగుతుందని అడుగుతారేమో. మొదటి ఏడాది జరగదు. పేరు వచ్చాక, బస్సులు పెరిగాక, గుత్తేదారు దిగాక జరుగుతుంది. నా ఉద్యోగమంతా చూసింది అదే.

పరకాల పద్మ:
ఇందాకటి నుంచి అందరూ మగవాళ్లే తాగుతున్నట్టు మాట్లాడుతున్నారు. మా అమ్మమ్మ బోనాల నాడు ఎల్లమ్మకు కల్లు సాక పోసి, తానూ తాటాకు దొప్పలో పట్టుకుని తాగేది. ఎవరూ వింతగా చూడలేదు. ఇప్పుడు నేను కల్లు కంపౌండుకు పోగలనా? ప్లాస్టిక్ సీసాలు, ఈగలు, గుడాల పొట్లాలు, మీది నుంచి కిందికి చూసే చూపులు. మరుగుదొడ్డి మాట ఎత్తకండి. నాసిక్‌లో నాకు నచ్చింది వైన్ కాదు, అత్తాకోడళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఏది బాగుందో వాదించుకోవడం. అలాంటి చోటు ఇక్కడ కావాలంటే తప్పేమిటి? మత్తు వద్దనుకునేవారికి పులియని తీపి నీరా ఉంది, వేసవిలో ముంజలు, తరువాత తేగలు. హైదరాబాద్‌లో 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ పెట్టారు కదా. చెట్లున్న జనగామకు ఎందుకు రాకూడదు?

గీత ఇంటి బిడ్డ:
పద్మక్కా, మరుగుదొడ్డి మాట నూటికి నూరు నిజం. దానికి పర్యాటకులు రావాలా? మా ఊరి ఆడవాళ్లకు మాత్రం అక్కరలేదా?

నీరా సంగతి చెబుతాను. లొట్టి లోపల సున్నం పూయాలి, సూర్యుడు రాకముందే దించాలి, వెంటనే చల్లబరచాలి. అంటే మా నాన్న చీకట్లో చెట్టెక్కాలి. మోకు తడిసి ఉంటుంది, మంచు పడిన మొద్దు జారుతుంది. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు మొదలుపెట్టింది. మంచిదే. అయినా చీకట్లో ఎక్కమని అడిగేవాళ్లు ఆ పని ఒకసారి కింద నిలబడి చూడాలి.

హన్మకొండ బాటసారి:
ఆబ్కారీ సార్ చెప్పిన గుత్తేదారు భయం నాసిక్‌కూ వర్తిస్తుంది. అక్కడ యార్క్ అనే కుటుంబ తోటను 2021లో సులా కొనేసింది. కానీ పెద్ద కంపెనీలా దుకాణాలన్నింటికీ సరుకు పంపలేని చిన్న తోటను నిలబెట్టేది తోటకు వచ్చే మనిషే. గీత కార్మికుడి పరిస్థితీ అంతే కదా? సీసాలో పట్టి వరంగల్ పంపలేడు. పంపలేని సరుకు దగ్గరికి కొనేవాణ్ణే రప్పించాలి. కల్లు నిలవ ఉండదనే కదా మీరు కాదంటున్నారు, నేను అవునంటున్నదీ అందుకే.

వానాకాలంలో మూసేయండి. మామిడి తోటకు శ్రావణంలో ఎవరైనా వస్తున్నారా? ఎంతమంది రావాలో చెట్లే చెప్పనివ్వండి. ఇరవై మందికి సరిపోతే ఇరవై మందే. బస్సు కాదు, ముందురోజు ఫోను చేసి వచ్చే నలుగురు.

ఆబ్కారీలో పనిచేసి దిగినవాణ్ణి:
టీఎఫ్‌టీ లైసెన్సు ఉన్న మనిషి తన చెట్టు కిందే, తన చేత్తోనే పోస్తే నాకు అభ్యంతరం లేదు. మధ్యలో టికెట్టు కౌంటరు పెట్టిన రోజు నేను మళ్లీ వ్యతిరేకమే.

కాజీపేట జంక్షన్:
ఆ నలుగురిలో ఒకరు ముంజలు మాత్రమే తిని కారు నడపాలి. అది కూడా ఫోనులోనే చెప్పించుకోండి.

గీత ఇంటి బిడ్డ:
నలుగురు అంటే మా నాన్న ఒప్పుకుంటారేమో అడుగుతాను, ఒప్పుకుంటారని చెప్పడం లేదు. అడిగేముందు నా షరతులు. లొట్టికి ధర ఆయన చెబుతారు, బేరం లేదు. పొద్దున ఏడింటికల్లా చెట్టు కింద ఉండాలి, తొమ్మిదికి వస్తే మిగిలింది తాగాలి. ఆయన మోకు మీద ఉండగా కింద నుంచి పిలవకూడదు, వీడియో కోసం ‘ఇంకోసారి ఎక్కు’ అనకూడదు. అలా అన్నవాళ్లు పోయినేడు వచ్చారు, బంధువులే.

పరకాల పద్మ:
నేను ఫిబ్రవరిలో వస్తాను. మా అత్తగారిని తీసుకొస్తాను. ఆమె బేరమాడకుండా ఉంటారని మాత్రం మాట ఇవ్వలేను.