మాస్టొడాన్ ఏపీఐ: టోకెన్ వచ్చినా పోస్టు పడడం లేదు, 422 వస్తోంది

ప్రశ్న

నమస్కారం. తెనాలి దగ్గర మా ఊళ్లో పాఠకులమే కలిసి నడుపుకుంటున్న చిన్న గ్రంథాలయానికి మాస్టొడాన్‌లో (ట్విటర్ లాంటి, వేర్వేరు సర్వర్లపై నడిచే సామాజిక మాధ్యమం) ఒక ఖాతా ఉంది. కొత్తగా వచ్చిన పుస్తకాల వివరాలు రోజూ సాయంత్రం ఆ ఖాతాలో వాటంతట అవే పడేలా పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రామ్‌లు సర్వర్‌తో మాట్లాడే దారిలో, మా ఖాతా ఉన్న సర్వర్‌లో యాప్‌ను నమోదు చేస్తే, యాప్‌ను గుర్తించే క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ వచ్చాయి. ఆ రెండూ పంపి, గ్రాంట్ టైప్ (టోకెన్ అడిగే పద్ధతి) దగ్గర క్లయింట్ క్రెడెన్షియల్స్ అని ఇస్తే యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు చూపే అనుమతి గుర్తు) కూడా వచ్చింది. దానితో పోస్టు పెట్టబోతే మొదట 403 వచ్చింది. స్కోప్ (టోకెన్‌తో ఏయే పనులు చేయవచ్చో చెప్పేది) ఏదీ చెప్పకపోతే రీడ్, అంటే చదవడం, ఒక్కటే ఇస్తారని తెలుసుకుని, రాయడానికి కావలసిన రైట్ కూడా చేర్చి మళ్లీ నమోదు చేసి కొత్త టోకెన్ తీసుకున్నాను. ఇప్పుడు 422 వస్తోంది. ఈ పనికి వాడుకరి ఉండాలని దాని సారాంశం. టోకెన్ చెల్లుతున్నప్పుడు ఇంకా ఏ వాడుకరిని అడుగుతోందో అర్థం కావడం లేదు. పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌లో రాసి ఉంచడం నాకు ఇష్టం లేదు. దయచేసి దారి చూపండి.

జవాబు 1

మీ టోకెన్‌లో లోపం లేదండీ, కానీ అది మీ యాప్‌కు ఇచ్చిన టోకెన్. గ్రంథాలయం ఖాతా తరఫున ఇచ్చినది కాదు. వచ్చిన యాప్ ఏదో సర్వర్‌కు తెలుసు, ఎవరి పేరున పోస్టు వేయాలో తెలియదు. 403 వచ్చినప్పుడు అనుమతి చాలలేదు, 422 వచ్చినప్పుడు అనుమతి ఉన్నా మనిషి లేడు. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా సులువు.

మీకు కావలసింది ఆథరైజేషన్ కోడ్ పద్ధతి. క్లయింట్ ఐడీ, రీడైరెక్ట్ యూఆర్ఐ (అనుమతి ఇచ్చాక బ్రౌజర్ తిరిగి వెళ్లే చిరునామా), స్కోప్‌లు కలిపి సర్వర్‌లోని ఆథరైజ్ పేజీ చిరునామా తయారుచేసి బ్రౌజర్‌లో తెరవండి. గ్రంథాలయం ఖాతాతో లాగిన్ అయి అనుమతి ఇస్తే ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్‌ను క్లయింట్ ఐడీ, సీక్రెట్‌లతో పాటు టోకెన్ చిరునామాకు పంపి, గ్రాంట్ టైప్ దగ్గర ఆథరైజేషన్ కోడ్ అని ఇస్తే, ఖాతా తరఫున పనిచేసే టోకెన్ వస్తుంది. పాస్‌వర్డ్ బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్యనే ఉండిపోతుంది, మీ ప్రోగ్రామ్ కంట పడదు. ట్విటర్ ఏపీఐలో 2010 ఆగస్టు దాకా యాప్‌లు వాడుకరి పాస్‌వర్డ్‌నే పంపుతూ పనిచేయగలిగేవి. అలాంటి యాప్ ఒక్కటి చేతులు మారినా ఖాతా మొత్తం పోయినట్టే కాబట్టి, పాస్‌వర్డ్ దాచకూడదన్న మీ పట్టుదల సరైనదే.

జాగ్రత్త పడాల్సినవి రెండున్నాయి. రీడైరెక్ట్ యూఆర్ఐ నమోదులో ఎలా ఉందో తర్వాత కూడా అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. చివర ఒక్క ఏటవాలు గీత (/) ఎక్కువైనా సర్వర్ తిప్పికొడుతుంది. ఆ కోడ్ ఒక్కసారే పనికివస్తుంది, కాబట్టి ప్రయత్నం విఫలమైతే పాత కోడ్‌నే మళ్లీ పంపకుండా కొత్తది తెచ్చుకోండి.

జవాబు 2

పైన చెప్పినదంతా నిజమే గానీ, సొంత ఖాతా ఒక్కదానికే అయితే అంత దూరం వెళ్లనక్కర్లేదు. గ్రంథాలయం ఖాతాతో లాగిన్ అయి, ప్రిఫరెన్సెస్‌లో డెవలప్‌మెంట్ అనే విభాగంలో కొత్త అప్లికేషన్ సృష్టించండి. స్కోప్‌లలో రైట్ మొత్తం ఇవ్వకుండా, పోస్టులు రాయడానికి సరిపడే రైట్ స్టేటసెస్ ఒక్కటే ఎంచుకోండి. సేవ్ చేసి అదే అప్లికేషన్‌ను తెరిస్తే యాక్సెస్ టోకెన్ అక్కడే కనిపిస్తుంది. దాన్ని, సర్వర్‌కు పంపే ప్రతి అభ్యర్థనతో పాటు వెళ్లే ఆథరైజేషన్ హెడర్‌లో బేరర్ అన్న మాట, ఒక ఖాళీ, తర్వాత టోకెన్, ఈ వరుసలో పంపండి.

ఈ టోకెన్‌కు గడువు ఉండదు, మనం రద్దు చేసేదాకా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే కోడ్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట, కంప్యూటర్ అమరికల్లో ఉంచే విలువ) పెట్టండి. పొరపాటున ఎక్కడైనా బయటపడితే అదే పేజీలో వెంటనే కొత్తది పుట్టించుకోండి.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో పద్ధతిలో మొదటి పోస్టు ఈ సాయంత్రమే పడింది. పక్క ఊరి గ్రంథాలయం వారు చూసి తమకూ కావాలన్నారు. వారి ఖాతా వేరే సర్వర్‌లో ఉంది. నా క్లయింట్ ఐడీ, సీక్రెట్‌లతోనే అక్కడ మొదటి పద్ధతి ప్రయత్నిస్తే, ఈ క్లయింట్ ఎవరో తెలియదంటూ 401 వచ్చింది.

జవాబు 1

అక్కడ మీ యాప్ ఎవరో నిజంగానే తెలియదు. మాస్టొడాన్‌కు అందరినీ కలిపి చూసే కేంద్ర కార్యాలయం లేదు. ఏ సర్వర్ దస్త్రాలు ఆ సర్వర్‌వే. వాడుకరి తన సర్వర్ పేరు చెప్పగానే మీ ప్రోగ్రామ్ అక్కడ తనను తాను నమోదు చేసుకుని, వచ్చిన ఐడీ, సీక్రెట్‌లను ఆ సర్వర్ పేరుతో దాచుకోవాలి. రెండోసారి అదే సర్వర్ నుంచి ఇంకొకరు వస్తే దాచినవే వాడాలి. నమోదుకు ముందస్తు అనుమతి గానీ రుసుము గానీ అవసరం లేదు.

ముందు ముందు దీన్ని ఫోన్ యాప్‌గా చేస్తే మాత్రం, అందులో పెట్టిన సీక్రెట్ రహస్యంగా ఉండదని గుర్తుంచుకోండి. 2024 అక్టోబరులో వచ్చిన 4.3 వెర్షన్ నుంచి మాస్టొడాన్ పిక్సీ (PKCE) పద్ధతిని అంగీకరిస్తోంది. యాప్ ప్రతిసారీ ఒక యాదృచ్ఛిక పదాన్ని పుట్టించి, దాని ఎస్‌హెచ్‌ఏ 256 రూపాన్ని (తిరిగి అసలు పదంగా మార్చలేని సంకేత రూపం) ముందుగా పంపి, కోడ్‌ను టోకెన్‌గా మార్చుకునేటప్పుడు అసలు పదాన్ని చూపిస్తుంది. మధ్యలో ఎవరైనా కోడ్‌ను దొంగిలించినా ఆ పదం లేకుండా వారికి టోకెన్ రాదు.