సౌండ్ కార్డులకు నంబర్ బిగించాలా, పేరుతో పిలవాలా?

కథావాణి (మారతహళ్లి): మేం తెలుగు కథలు చదివి రికార్డు చేసుకునే డెబియన్ లినక్స్ కంప్యూటర్ ఒకటుంది. అందులో మూడు సౌండ్ కార్డులు: మదర్‌బోర్డుది, హెచ్‌డీఎంఐది (మానిటర్ కేబుల్‌కు శబ్దం పంపేది), బెంగళూరు ఎస్పీ రోడ్‌లో కొన్న యూఎస్‌బీది. రికార్డింగ్ నడిపే స్క్రిప్టులో (ఆదేశాల ఫైలు) యూఎస్‌బీది కార్డు 1 అని రాశాం. కొన్నిసార్లు రీబూట్ తర్వాత ఆ నంబర్ హెచ్‌డీఎంఐకి వెళ్తోంది. దానికి మైక్ ఉండదు కదా, రికార్డింగ్ ఆగిపోతోంది. ఇండెక్స్ (ఏ కార్డుకు ఏ నంబరో డ్రైవర్‌కు చెప్పే సెట్టింగ్) ఇచ్చి నంబర్లు బిగించేద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

పాతకెర్నల్: బిగించేయండి. మోడ్‌ప్రోబ్ (డ్రైవర్లను లోడ్ చేసే ప్రోగ్రాం) సెట్టింగ్స్ ఫోల్డర్‌లో ఒక్క లైన్ చాలు. యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌కు ఇండెక్స్ మైనస్ 2 ఇస్తే అది 0 స్థానం తీసుకోదు. ఉబుంటు లినక్స్‌లో ఆ లైన్ ఎప్పటినుంచో వస్తోంది. మిగతా రెండు కార్డులూ ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్‌వే అయితే దానికి ఇండెక్స్ 1,0 అని ఇవ్వండి, అవి తారుమారవుతాయి. ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్ల కాలం నాటి మెషీన్లలో హెచ్‌డీఎంఐ ముందు దొరికేది, అందరం ఇలాగే సరిచేసుకున్నాం.

తంబుర: అన్నా, ఆ 1,0 అర్థమేంటి? డ్రైవర్‌కు మొదట దొరికిన కార్డుకు 1, రెండోదానికి 0. అంటే ఏ వరుసను నమ్మలేక ఇదంతా చేస్తున్నామో మళ్లీ దాన్నే నమ్ముతున్నాం. రేపు ఒక గ్రాఫిక్స్ కార్డు పెట్టారనుకోండి, దాని హెచ్‌డీఎంఐ ఆడియో కూడా అదే డ్రైవర్ కిందికి వస్తుంది, లెక్కంతా తప్పిపోతుంది. పైగా డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్ మూలభాగం) కలిసి ఉంటే మోడ్‌ప్రోబ్ ఫైల్‌ను అసలు చూడదు.

కథావాణి గారూ, ప్రాక్ ఫోల్డర్‌లో అసౌండ్ కింద కార్డ్స్ ఫైల్ (/proc/asound/cards) తెరవండి. నంబర్ పక్కన చదరపు బ్రాకెట్లలో పీసీహెచ్ (మదర్‌బోర్డుది), హెచ్‌డీఎంఐ అంటూ పేర్లుంటాయి. స్క్రిప్టులో 1 తీసేసి మీ యూఎస్‌బీ కార్డు పేరు రాయండి. తర్వాత ఆ కార్డు ఏ నంబర్‌లో కూర్చున్నా మీకు పని లేదు.

పాతకెర్నల్: రెండు ఒకేరకం యూఎస్‌బీ కార్డులుంటే? ఒకటి డివైస్, ఇంకోటి డివైస్_1. ఏది ముందు దొరికితే దానికి మొదటి పేరు. పేర్లు కూడా వరుస మీదే ఆధారపడ్డాయి కదా తమ్ముడూ!

తంబుర: ఆ ఒక్కచోట మీ మాట నిజం. కానీ అక్కడ ఇండెక్స్ కూడా ఆదుకోదు. వెండర్, ప్రోడక్ట్ నంబర్లు రెండింటికీ ఒకటే, వాటితో విడదీయలేం. యూడెవ్ (తగిలించిన పరికరాలను చూసుకునే లినక్స్ భాగం) రూల్ రాసి, ఫలానా పోర్టులో పెట్టిన కార్డుకు ఫలానా పేరు అని చెప్పాలి. కుడి పోర్టుది "వక్త", ఎడమ పోర్టుది "అతిథి" అనుకుంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీల్లేకుండా, 15 అక్షరాలు మించకుండా రాయండి.

హెడ్‌ఫోన్: డెస్క్‌టాప్‌లో పాటలు వినేవాళ్లకు ఇదేదీ అక్కర్లేదు. ఉబుంటు 22.10 నుంచి పైప్‌వైర్ (ఆడియోను చూసుకునే ప్రోగ్రాం) వస్తోంది, అది ఈ నంబర్లను పట్టించుకోదు. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ ఎంచుకుంటే గుర్తుపెట్టుకుంటుంది.

పాతకెర్నల్: నేరుగా డిఫాల్ట్ కార్డును తెరిచే పాత ప్రోగ్రాములు 0నే పట్టుకుంటాయి. వాటికోసమైనా నంబర్ ఉండాలి.

తంబుర: వాటికి అసౌండ్ కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్ ఉంది. డిఫాల్ట్ అంటే ఏ కార్డో అక్కడా పేరుతోనే చెప్పొచ్చు. కార్డులెప్పుడూ మారని, మూతేసిన పెట్టెకైతే ఇండెక్స్ పెట్టండి, కాదనను. యూఎస్‌బీ తీసి పెట్టే స్టూడియోకు మాత్రం వద్దు.

కథావాణి: స్క్రిప్టులో పేరు రాసి, యూఎస్‌బీ పోర్టు మార్చి రీబూట్ చేశా. కార్డు నంబర్ 2కి పోయింది, రికార్డింగ్ మాత్రం ఆగలేదు. అతిథి మైక్ కోసం ఇంకో కార్డు కొంటున్నాం. తంబుర గారూ, ఆ యూడెవ్ రూల్ పూర్తిగా రాసి పెడతారా?