గాలోవే కైట్ ట్రెయిల్: మోకాళ్ల నొప్పులున్న నాన్నతో వెళ్లొచ్చా?

గ్లాస్గో గుంటూరోడు:
అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి నెలయింది, కోటలూ షాపింగూ అన్నీ అయిపోయాయి. వచ్చే శనివారం నైరుతి స్కాట్లండ్ గాలోవేలో లాక్ కెన్ సరస్సు దగ్గర రెడ్ కైట్లు, అంటే ఇక్కడి ఎర్ర గద్దలు, చూపిద్దామనుకుంటున్నా. నాన్న అరకిలోమీటరు మించి నడవలేరు. ట్రెయిల్ అంటున్నారు కదా, ఎంత నడవాలి? ఆయనేమో "గద్దల కోసం రెండు గంటలు కారులో పోవాలా, మన చేపల మార్కెట్ మీద తిరిగేవి చాలవా" అంటున్నారు.

పిట్టలపిచ్చి:
పేరుకే ట్రెయిల్ అండీ, సరస్సు చుట్టూ కారులో తిరుగుతూ అక్కడక్కడా ఆగి చూడ్డమే. ఎయిర్ ఊరి మీదుగా ఏ713 రోడ్డు పట్టుకుంటే నేరుగా తూర్పు గట్టుకే వస్తారు, పడమటి గట్టున ఏ762. లారీస్టన్ ఊరి దగ్గర బెల్లీమాక్ హిల్ ఫార్మ్‌లో మధ్యాహ్నం 2 గంటలకి మాంసం ముక్కలు వేస్తారు, ముందురోజే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కోండి. అవి కింద వాలవు, రివ్వున దిగి కాళ్లతో ముక్క తన్నుకుపోయి గాల్లోనే తినేస్తాయి! రెక్కలు చాపితే ఆరడుగుల దాకా ఉంటుంది, బరువు చూస్తే కిలో అటూఇటూ.
నాన్నగారికి చెప్పండి, మన గద్దకి తోక కొంచెమే చీలి ఉంటుంది, దీనికి బాగా లోతుగా, ఇటుక రంగులో. తోక గుండ్రంగా విసనకర్రలా కనిపిస్తే అది బజర్డ్ అనే వేరే పక్షి, మేం మొదటిసారి వెళ్లినప్పుడు గంటసేపు దాన్నే చూసి మురిసిపోయాం.

డంఫ్రీస్ కోడలు:
నాకైతే ఆ మేత వేసే చోటు జూలా అనిపించింది. సరస్సు పక్కన కారాపి ఫ్లాస్కులో టీ తాగుతూ కూర్చుంటే ఒకటే వచ్చినా అదే బాగుంది. అసలు వీటి కథ తెలిస్తే మీ నాన్నగారు వద్దనరేమో. మన పల్లెల్లో గద్ద కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని తిడతాం కదా, ఇక్కడా జనం వేటాడుకునే పక్షుల్ని తినేస్తాయని కాల్చి, విషం పెట్టి 19వ శతాబ్దం చివరికల్లా స్కాట్లండ్‌లో ఒక్కటీ లేకుండా చేశారు. నిజానికి ఎక్కువగా తినేది చచ్చినవాటినీ వానపాముల్నీ. 1989 నుంచి బయటి నుంచి గద్దపిల్లల్ని తెచ్చి వదిలారు, గాలోవేలో అయితే 2001 నుంచి.

పిట్టలపిచ్చి:
ఆమె చెప్పింది ఒప్పుకుంటా, కానీ పెద్దవాళ్లతో, అదీ ఒక్క శనివారంలో వెళ్లేటప్పుడు కనపడకపోతే ఎలా? ముందు 2 గంటలకి ఫార్మ్, తర్వాత సరస్సు. చలికాలమైతే నాలుగింటికే చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరండి.

గ్లాస్గో గుంటూరోడు:
థాంక్స్ అండీ ఇద్దరికీ. కోడిపిల్లల కథ చదివి వినిపించా, నాన్న ఏమీ అనలేదు గానీ అమ్మ పులిహోర ఎంత కలపాలని అడిగింది. బైనాక్యులర్స్ ఒక్కటే ఉంది, వీళ్లిద్దరూ కొట్టుకుంటారు. గ్లాస్గోలో ఎవరైనా ఒక్కరోజుకి అప్పిస్తారా?