దస్తావేజులో ‘పుత్రపౌత్ర పారంపర్యముగా’ అని ఉంటే కూతుళ్ల మాటేమిటి?

ప్రశ్న (కావలి నుంచి):
మా పిన్ని 20 అంకణాల స్థలం కొన్నది. లేఖరి గారు రాసిన క్రయ దస్తావేజులో ‘తమరు పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనగలవారు’ అని ఉంది. ఆమెకు ఇద్దరూ ఆడపిల్లలే. ఈ మాట వల్ల రేపు వారికి చిక్కు వస్తుందా?

జవాబు (ఒంగోలు నుంచి):
రాదండీ. ఆ మాట కేవలం వాడుక. వారసత్వాన్ని నిర్ణయించేది చట్టమే. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కునిస్తూ మన రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. కేంద్రం 2005లో ఆ దారికి వచ్చింది. ఇక పుంలింగ పదాల్లో స్త్రీలూ చేరతారని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ చెబుతుంది, రాజ్యాంగాన్ని అన్వయించడానికీ 367వ అధికరణం ఆ చట్టాన్నే ఆధారం చేసింది. ఆంగ్ల మూలంలో రాష్ట్రపతిని ‘హీ’ అన్నా ప్రతిభా పాటిల్ గారికి అడ్డురానిది అందుకే.

మరో జవాబు (నెల్లూరు నుంచి):
పై మాట నిజమే, కానీ చేరతారనడం వేరు, పేరెత్తి చెప్పడం వేరు. 2023 నాటి భారతీయ న్యాయ సంహిత కూడా ‘హీ’ని అలాగే ఉంచి, అది పురుషులకూ స్త్రీలకూ ట్రాన్స్‌జెండర్లకూ వర్తిస్తుందని నిర్వచనంలో చెప్పి ఊరుకుంది. తెలుగుకు ఆ ఇబ్బంది తక్కువ: ‘వారు’, ‘కొనుగోలుదారు’ అంటే లింగభేదమే ఉండదు, ‘విక్రయదారుడు’ అని ‘డు’ తగిలించేది మనమే. రిజిస్ట్రేషన్ కాకముందైతే ‘సంతాన పారంపర్యముగా’ అని మార్పించండి. మా లేఖరి గారు కాస్త గొణిగినా మార్చారు.

అడిగినవారు:
రిజిస్ట్రేషన్ సోమవారం. చిత్తుప్రతిలోనే మార్పిస్తాను.