మున్సిపాలిటీలు కలిసి నీటి సంఘం పెట్టుకుంటే, వాటా వాడకాన్ని బట్టేనా?

వేగావతి ఒడ్డు (సాలూరు):
విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, రాజాం... ఎవరి నీటి పథకం వారిదే, ఎవరి వేసవి తిప్పలు వారివే. ఈ ఊళ్లన్నీ ఒక సంఘంగా ఏర్పడి మోటార్లు, మెయిన్ లైన్లు, నీటి పరీక్షలు ఉమ్మడిగా చూసుకుంటే బాగుంటుందని కిందటివారం ఇక్కడే ఒకాయన రాశారు. అంతవరకు బాగానే ఉంది. ఏ ఊరు ఎంత నీరు వాడితే దానికి అంత వాటా, అన్ని ఓట్లు అన్నారు చూడండి, అదే నాకు మింగుడుపడలేదు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం 2 లక్షల 28 వేలు, మా సాలూరు 49,500. ఓటింగుకు వస్తే మా మాట వినేదెవరు?

కోట జంక్షన్ (విజయనగరం):
ఆ రాసింది నేనే మాస్టారూ. ఎక్కువ నీళ్లు తీసుకునేవాడే ఎక్కువ డబ్బు కడతాడు. డబ్బు మాది, నిర్ణయం అందరిదీ సమానమంటే మా ఊళ్లో పన్ను కట్టేవాళ్లు ఒప్పుకోరు. వాడకాన్ని పక్కన పెడితే ఏమవుతుందో దక్షిణ కాలిఫోర్నియాలో చూడండి. అక్కడి మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్ 1928లో పుట్టింది, ఇప్పుడు 26 సభ్య సంస్థలున్నాయి. ఓట్లు ఆస్తుల విలువను బట్టి. కరవొస్తే ఎవరికి ముందు అన్న హక్కు కట్టిన పన్నుల్ని బట్టి. నీళ్లు కొన్న డబ్బు అందులోకి రాదు. 1946లో చేరిన శాన్‌డియాగో చాలా ఏళ్లు అందరికంటే ఎక్కువ నీళ్లు కొన్నా, మొదట్నుంచీ ఉన్న లాస్ ఏంజిలిస్ హక్కే పెద్దదిగా నిలిచింది. కోర్టుకెళ్తే, 2004లో అక్కడా నెగ్గలేదు. అలాంటి తగవు మనకెందుకు?

తాటిపూడి కాలవ (గంట్యాడ):
వాడకమే కొలబద్ద అయితే మా తాటిపూడి సంగతేంటి? గోస్తనీ మీద రిజర్వాయరు మా మండలంలో ఉంది, 15 వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు ఉంది, విశాఖ నగరానికి తాగునీరూ ఇక్కడి నుంచి పోతోంది. విశాఖను కూడా మీ సంఘంలో చేర్చారనుకోండి. వాడకం లెక్కన విజయనగరం మాట కూడా చెల్లదు. అప్పుడూ ఇదే న్యాయమంటారా అన్నా?

పంపుహౌస్ (విజయనగరం):
మున్సిపల్ నీటి విభాగంలో చేసి రిటైరయ్యాను. అందరూ వాడకం, వాడకం అంటున్నారు. దాన్ని ఎక్కడ కొలుస్తారు? ఇళ్లలో చాలావాటికి మీటర్లు లేవు. హెడ్‌వర్క్స్‌లో అంటే నీళ్లు తోడే చోట, పంపు ఎన్ని గంటలు ఆడింది, గంటకు ఎంత తోడింది అన్నదే మన లెక్క. దారిలో పగిలిన పైపులోంచి పోయిందీ, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి పొర్లిందీ, తల ఊడిన వీధి కుళాయిలోంచి కాలవలో కలిసిందీ అంతా ఆ ఊరి వాడకమే. అంటే లీకులు బాగు చేసుకున్న ఊరికి ఓట్లు తగ్గుతాయి, వదిలేసిన ఊరికి పెరుగుతాయి. ఇది ఎలా ఒప్పుకుంటాం?

ఇంకోటి. నీళ్లు వదిలే ఆ గంటసేపట్లో లైను మొదట్లో ఉన్నవాళ్లు కుళాయికి మోటారు బిగించి లాగేస్తారు. చివరి వీధిలో గొట్టం బుస్సుమని గాలి వదులుతుంది. అక్కడ ఆడవాళ్లు ఇంటిముందు గుంత తవ్వి, కుళాయిని నేలకంటే కిందికి దించి, చెంబుతో ముంచి బిందె నింపుకుంటారు. ఏళ్ల తరబడి చూశాను. ఆ వీధి వాడకం తక్కువే, అవసరం తక్కువా? ఊళ్ల మధ్యా అంతే. రాని నీళ్లను ఎవరు వాడగలరు?

అందుకని ఖర్చునూ ఓటునూ విడదీయాలంటాను. కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్ ఖర్చు తోడుకున్న నీటిని బట్టి పంచండి. దానికి ఒక్కో ఊరి మెయిన్ లైను మీద, ఊరికి పోయే నీళ్లన్నీ కొలిచే బల్క్ మీటరుంటే చాలు. పైపులు, ట్యాంకులు, మోటార్ల పెట్టుబడిని మాత్రం ఎండాకాలంలో ఎక్కువ నీళ్లు లాగే రోజును బట్టి వేయాలి, ఎందుకంటే పైపు సైజు తేలేది ఆ రోజు లెక్కతోనే. ఓట్లకు ఊరికి ఒకటి ఖాయంగా ఇచ్చి, మిగతావి జనాభాను బట్టి ఇవ్వండి. నీటి వాటాకు తలకు రోజుకు 135 లీటర్లని అందరికీ ఒకటే కొలత పెట్టండి. భూగర్భ డ్రైనేజీ లేని పట్టణానికి 70 చాలని కేంద్రం 1999 నాటి మాన్యువల్లో ఉంది, దాన్ని పట్టుకుంటే చిన్న ఊళ్లు ఎప్పటికీ చిన్నవిగానే ఉండిపోతాయి.

కోట జంక్షన్ (విజయనగరం):
లీకుల మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఊరికో ఓటు ఖాయమంటే నాలుగు చిన్న ఊళ్లు కలిసి మా నెత్తిన ఖర్చు వేయొచ్చు కదండీ?

పంపుహౌస్ (విజయనగరం):
వేయొచ్చు. అందుకే కొత్త అప్పు, కొత్త పథకం లాంటి వాటికి సగం ఊళ్లూ సగం జనాభా రెండూ ఒప్పుకోవాలని నియమం పెట్టుకోవాలి. మీ ఊరిని కాదని ఏదీ నడవదు, మీ ఊరొక్కటే ఏదీ నడపలేదు.

జీడితోట (పలాస):
మా ఉద్దానం సంగతి కూడా విన్నాక తేల్చండి. కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు గానీ, ఊరి నీళ్లంటే భయపడి టిన్నులు కొనుక్కున్న ఇళ్లు మావి. 700 కోట్లతో హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు ఏళ్ల వాడకం చూసి వాటా ఇచ్చి ఉంటే మాకు దక్కేది సున్నా. పంపుహౌస్ గారూ, కోట జంక్షన్ అన్నా, మీ సంఘం రాతకోతల్లో ఒక్క మాట చేర్చండి: మంచినీళ్లు ఇంకా అందని వార్డును సున్నాగా లెక్కించకూడదు, 135 లీటర్లుగానే లెక్కించాలి.

వేగావతి ఒడ్డు (సాలూరు):
ఆ మాట చేరిస్తే నేను ఒప్పుకుంటాను. ఊరికి ఖాయంగా ఇచ్చే ఓటు ఒకటా, రెండా అన్నది మాత్రం ఇంకా మాట్లాడుకోవాలి.